బ్రౌన్ సోదరుల ఖాతా, మా తాతగారి చిట్టా

మోజెస్ బ్రౌన్ అనే అమెరికా వర్తకుడు 1764లో తన సొంత చిన్నాన్న కూతురిని పెండ్లి చేసుకొన్నాడని నేను చెప్పగానే, ఎనభై రెండేండ్ల మా మేనత్త గిల్లుతున్న చిక్కుడుకాయలను పళ్లెంలో పడేసి, "ఇదేం వావిరా, చెల్లెలు వరసయితది గద" అని ముఖం చిట్లించింది. మేనమామ కూతురినో మేనత్త కూతురినో చేసుకొని ఉంటే ఆమె మారు మాట్లాడకుండా తలాడించేది, ఎందుకంటే మా కోమటి ఇండ్లలో మేనరికం నిన్న మొన్నటిదాకా హక్కుగానే నడిచింది, ఆమె పెండ్లి కూడా ఆ హక్కు కిందనే జరిగింది. ఆ దేశంలో చిన్నాన్న పిల్లలకూ మేనమామ పిల్లలకూ ఒకటే పేరని, వరసల లెక్క వారికి లేదని నేను ఎంత వివరించినా, ఆ తర్వాత నేను మోజెస్ గురించి చెప్పిన మంచిమాటల్లో ఒక్కటీ ఆమె చెవికెక్కలేదు. వంశచరిత్ర చెప్పబోయేవాడు ముందుగా వరసల దగ్గరే చిక్కుపడతాడని నాకు ఆ పూట అర్థమైంది.

నేను హనుమకొండలో వాణిజ్యశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ముప్ఫై ఏండ్లకు పైగా పిల్లలకు జమ అంటే ఏమిటో, ఖర్చు అంటే ఏమిటో చెప్పడమే నా వృత్తి కావడంచేత, ఏ ఊరికి వెళ్లినా అక్కడి పాత లెక్కల పుస్తకాల మీదికే నా చూపు పోతుంది. మా అమ్మాయి ఉద్యోగరీత్యా అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రపు ప్రావిడెన్స్ నగరంలో ఉన్నందున నేను అక్కడ కొన్నినెలలు గడపవలసి వచ్చింది. మొదటివారం తోచక, రెండోవారం నుంచి ఊరి చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఏ వీధి తిరిగినా, ఏ పాత భవనం ముందు నిలబడినా బ్రౌన్ అనే ఇంటిపేరే ఎదురయ్యేది. చివరికి ఆ కుటుంబపు కథలోనే పడిపోయాను.

రోజర్ విలియమ్స్ 1636లో స్థాపించిన ఆ ఊరికి, మరో రెండేండ్లకు చాడ్ బ్రౌన్ అనే ఆయన వచ్చి స్థిరపడ్డాడు. ఇంగ్లండు నుంచి బోస్టన్‌లో దిగి, అక్కడి మతపు కట్టుబాట్లు నచ్చక ఇటు వచ్చినవాడాయన. భూములు కొలిచేవాడు, తర్వాత ఆ ఊరి బాప్టిస్టు సంఘానికి పెద్దగా వ్యవహరించినవాడు. ఆయనకు కొండమీద కేటాయించిన ఇంటిస్థలం చేతులు మారి, నూటముప్ఫై ఏండ్ల తర్వాత ఆయన వంశంలోని జాన్, మోజెస్ అనే అన్నదమ్ములు దానిని మళ్లీ కొని ఆ ఊరి కాలేజీకి, అంటే ఇప్పటి బ్రౌన్ విశ్వవిద్యాలయానికి, ఇచ్చారు. పోయిన తాతల జాగా తిరిగి కొనడమనేది ఏ దేశంలోనైనా షావుకారు మొదట చేయదలచుకొనే పనే కాబట్టి అది నాకు వింతగా అనిపించలేదు.

చాడ్ తర్వాత రెండు తరాలు మతసేవలో, వ్యవసాయంలో గడిచిపోయాయి. నాలుగో తరంవాడైన కెప్టెన్ జేమ్స్ బ్రౌన్‌తో ఆ ఇంటికి దుకాణం, ఓడ, లెక్కల పుస్తకం వచ్చాయి. అతడు 1736లో ఆఫ్రికా తీరానికి 'మేరీ' అనే ఓడను పంపాడు. ప్రావిడెన్స్ నుంచి బానిసల కోసం బయలుదేరిన మొదటి ఓడ అదే, సరుకు బాధ్యత చూసుకోవడానికి అందులో వెళ్లినవాడు అతని తమ్ముడు ఒబడయా. మూడేండ్లకు, అంటే 1739లో, జేమ్స్ చనిపోయాడు. అప్పటికి అతని కడసారపు కొడుకు మోజెస్‌కు ఏడాదైనా నిండలేదు. పిల్లలను పెంచి పెద్దచేసినవారు ఇద్దరు, ఒకరు తల్లి హోప్ పవర్, మరొకరు చిన్నాన్న ఒబడయా. మోజెస్ అయితే ఆ చిన్నాన్న ఇంట్లోనే పని నేర్చుకొంటూ పెరిగాడు, చివరికి ఆయనకే అల్లుడయ్యాడు. అన్న కొడుకే పెంపుడు కొడుకై, గుమాస్తాయై, అల్లుడు కూడా కావడాన్ని మా అత్తయ్య మన్నించలేకపోయినా, దుకాణపు సొమ్ము గడప దాటకుండా ఉండటానికి మనవాళ్లు మేనరికాన్ని పట్టుకొని వేలాడినట్టే వారు దీనిని పట్టుకొన్నారని నాకు తోచింది.

పెద్దకొడుకు జేమ్స్ వయసులోనే పోయాడు. మిగిలిన నలుగురు నికొలస్, జోసెఫ్, జాన్, మోజెస్. ఊరివారు వారి ముద్దుపేర్లను ప్రాస కుదిర్చి 'జాన్, జోసీ, నిక్, మోసీ' అని పాటలా చెప్పుకొనేవారట. 1762లో ఒబడయా మరణించాక ఆ నలుగురూ కలిసి నికొలస్ బ్రౌన్ అండ్ కంపెనీ పేరుతో వ్యాపారం నడిపారు. తిమింగలం తలలో దొరికే మైనంతో కొవ్వొత్తులు చేయించారు. 1765లో ఇనుము కరిగించే కొలిమి పెట్టి దానికి 'హోప్' అని పేరు పెట్టారు. అది తల్లి పేరు, దానికితోడు రోడ్ ఐలండ్ వారి నినాదం కూడా అదే మాట. తర్వాతి కాలంలో ఆ కుటుంబపు ఓడకు, ఓ మనవరాలికి, కాలేజీ వసతిగృహానికి ఇదే పేరు మళ్లీ మళ్లీ వస్తుంది. తాత పేరు మనవడికి పెట్టే మన అలవాటు తెలిసినవారికి ఆ కాగితాల్లో ఏ హోప్ ఏ హోప్ అనే గందరగోళం కొత్తేమీ కాదు. మా ఇంట్లో నలుగురికి ఒకే పేరు ఉండటంతో, 'బీట్ బజార్ ఆయన', 'మట్టెవాడ ఆయన' అని వాడల పేర్లతో పిలిచేవారు.

అన్నదమ్ములు నలుగురూ నాలుగు తీరులవారు. నికొలస్ దుకాణం దాటని లెక్కల మనిషి. జోసెఫ్‌కు వ్యాపారంకన్నా నక్షత్రాల మీద, కట్టడాల మీద మనసు ఎక్కువ. 1769లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగిపోయినప్పుడు ఆయన దూరదర్శిని తెప్పించి ప్రావిడెన్స్‌లో దానిని పరిశీలించాడు, ఆ సంఘటన పేరుతో ఒక వీధి ఇప్పటికీ ఉంది. జాన్ దూకుడుమనిషి. 1772లో ఆంగ్లేయుల సుంకపు ఓడ 'గాస్పీ' ఇసుక దిబ్బకు తట్టుకొని ఆగిపోతే, రాత్రికి రాత్రి పడవలు సమకూర్చి దానిని తగలబెట్టించినవారిలో అతడే ముఖ్యుడు. 1775లో ఆంగ్లేయులు అతన్ని పట్టి బోస్టన్ తీసుకొనిపోతే, గుర్రమెక్కి వెళ్లి బతిమాలి విడిపించుకొని వచ్చినవాడు తమ్ముడు మోజెస్. ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను, ఎందుకంటే ఆ తర్వాత ఇరవై ఏండ్లకు అదే అన్న మీద కోర్టుకు వెళ్లిన సంఘంలో ముందు నిలబడినవాడు కూడా ఈ మోజెసే.

ఊరి పెద్దమనిషిగా జాన్ చేసిన పనులు తక్కువేమీ కావు. కాలేజీకి ఇరవై ఏండ్లపాటు కోశాధికారిగా ఉన్నాడు, 1770లో దాని మొదటి భవనానికి పునాదిరాయి వేశాడు, 1791లో ప్రావిడెన్స్ బ్యాంకు పెట్టడంలో ముందున్నాడు, 1799 నుంచి రెండేండ్లు అమెరికా కాంగ్రెసులో సభ్యుడుగా కూర్చున్నాడు. జోసెఫ్ గీసిన నమూనా ప్రకారం కొండమీద ఎర్ర ఇటుకలతో మూడంతస్తుల మేడ కట్టించుకొన్నాడు. తాను ఆ ఖండంలో చూసిన ఇండ్లలోకెల్లా అంత వైభవమైనది లేదని తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ క్విన్సీ ఆడమ్స్ అంతటివాడు మెచ్చుకొన్న ఆ మేడ ఇప్పుడు ప్రదర్శనశాల. నేను దానిలో ఒక మధ్యాహ్నమంతా తిరిగాను. మెట్లకు పట్టుకొనే కొయ్యకమ్మీ నున్నదనం, చైనా పింగాణీ పళ్లాల నీలిరంగు నాకు బాగానే గుర్తున్నాయి. జాన్ 1787 డిసెంబరులో చైనా దిశగా పంపిన 'జనరల్ వాషింగ్టన్' అనే ఓడ దారిలో మన మద్రాసును కూడా తాకి, 1789లో తిరిగి వచ్చిందని అక్కడ తెలిసినప్పుడు, వరంగల్ వాడిగా ఎందుకో ఒక క్షణం సంతోషించాను. గణపతిదేవ చక్రవర్తి ఓరుగల్లు నుంచి రాజ్యమేలుతూ, తుపానుకు చెదరి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కొనే పాత పద్ధతిని మాన్పించి, 1244లో మోటుపల్లి రేవులో పరదేశి వర్తకులకు అభయశాసనం వేయించాడు కదా. సముద్రం చూడని ఊరికి సముద్రవ్యాపారంతో ఉన్న చుట్టరికం ఆ మేడలో గుర్తుకు రావడం నాకు బాగా అనిపించింది.

ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. అన్నదమ్ములు నలుగురూ ఉమ్మడిగా 1764 సెప్టెంబరులో ఆఫ్రికాకు పంపిన 'శాలీ' అనే ఓడ లెక్కల పుస్తకం ఇప్పటికీ భద్రంగా ఉంది. విశ్వవిద్యాలయం వారు దాని పుటలను అంతర్జాలంలో అందరికీ కనబడేట్టు ఉంచారు. ఓడ నాయకుడు ఎసెక్ హాప్కిన్స్. ఓడలో వెళ్లిన సరుకులో ముఖ్యమైనది 17,000 గాలన్లకు పైగా రమ్ము. ఒక్కొక్క రోజు ఎన్ని గాలన్ల రమ్ము ఎవరికిచ్చి ఎందరిని తీసుకొన్నదీ హాప్కిన్స్ వరుసగా రాశాడు. కొన్నవారు మొత్తం 196 మంది. ఆ తర్వాత అదే పుస్తకంలో చావులు మొదలవుతాయి. ఒక పిల్ల, ఒక ఆడమనిషి, ఒక పిల్లవాడు, ఒక మగమనిషి అంటూ ప్రతి చావు పక్కనా ఒక వరుస సంఖ్య వేసి ఉంటుంది. పేర్లు ఉండవు. 1765 ఆగస్టులో వారు తిరగబడితే ఓడ సిబ్బంది కాల్చి చంపినవారి లెక్క కూడా ఆ వరుసలోనే కలిసిపోతుంది. చివరికి కనీసం 109 మంది చనిపోయారు.

లెక్కల పాఠం చెప్పినవాణ్ణి గనుక ఆ పుటలను నేను చదివిన తీరు వేరు. చిట్టా రాసే ఏ గుమాస్తా అయినా చెడిపోయిన సరుకును తేదీ వేసి, సంఖ్య వేసి, నష్టం కింద చూపాలి. పద్ధతిపరంగా హాప్కిన్స్ రాత తప్పుపట్టవలసినది కాదు, పిల్లలకు మాదిరిగా చూపదగినంత శుభ్రంగా ఉంది. ఆ శుభ్రతే నన్ను కలవరపెట్టింది. ఆఫ్రికా తీరం నుంచి కష్టనష్టాల కబురు అందినప్పుడు అన్నదమ్ములు రాసిన జవాబులో, సొమ్ము పోయినా తమ నాయకుడు ఆరోగ్యంగా ఉన్నాడని తెలిసి తమకు ఊరట కలిగిందని ఉంది. ఆ జాబు మర్యాదస్తులు రాసినదే, తమవాడి క్షేమం కోరినదే. అందులో ఆ చనిపోయినవారు మాత్రం ఎక్కడా మనుషులుగా కనిపించరు.

శాలీ నష్టం తర్వాత నికొలస్, జోసెఫ్, మోజెస్ ఆ వ్యాపారం నుంచి తప్పుకొన్నారు, జాన్ మాత్రం మానలేదు. 1773లో భార్య ఆనా చనిపోయాక మోజెస్ పూర్తిగా మారిపోయాడు. ఆ ఏడాదే తన దగ్గరి బానిసలను విడిచిపెట్టి, మరుసటి ఏడు బానిసత్వాన్ని వ్యతిరేకించే క్వేకర్లు అనే క్రైస్తవ సమాజంలో చేరాడు. 1789లో ఇద్దరన్నదమ్ములూ ఊరి పత్రికకెక్కి వాదించుకొన్నారు. 'ఒక పౌరుడు' అనే మారుపేరుతో జాన్ బానిస వ్యాపారాన్ని సమర్థించాడు, ఆ మారుపేరు వెనుక ఎవరున్నారో ఊళ్లో తెలియనివారు లేరు. అదే ఏడాది ఆ వ్యాపారాన్ని మాన్పించడానికి ఏర్పడిన సంఘంలో మోజెస్ ప్రముఖుడు. విదేశాలకు బానిసలను చేరవేయడాన్ని నిషేధిస్తూ 1794లో సమాఖ్య చట్టం వచ్చింది. 1796లో జాన్ ఓడ ఒకటి 229 మందిని క్యూబాకు చేర్చింది. ఆ చట్టం కింద విచారణ ఎదుర్కొన్న మొదటి అమెరికన్ జాన్ బ్రౌనే. 1797లో కోర్టు జప్తు చేసిన ఆ ఓడ పేరు 'హోప్'. తల్లి చనిపోయి అప్పటికి అయిదేండ్లు.

ఇంత చదివాక మోజెస్ పక్షాన నిలబడి కథ ముగించాలని ఎవరికైనా ఉంటుంది, నాకూ ఉండింది. లెక్కల పుస్తకం దానికి ఒప్పుకోదు. బానిసల శ్రమ లేని వ్యాపారం కావాలని మోజెస్ నూలు మిల్లు మీద డబ్బు పెట్టాడు. ఇంగ్లండులోని మిల్లులో పని నేర్చుకొని వలస వచ్చిన శామ్యూల్ స్లేటర్ అనే యువకుణ్ణి రప్పించి, 1790 డిసెంబరులో పటకెట్ జలపాతం దగ్గర నీటి బలంతో కదుళ్లు తిప్పించాడు. అందులో మొదట పనికి కుదిరినవారు ఏడేండ్ల నుంచి పన్నెండేండ్ల లోపు పిల్లలు, ఏడుగురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. మరికొన్నేండ్లకు అటువంటి మిల్లులన్నిటికీ కావలసిన దూది దక్షిణాది రాష్ట్రాల బానిసల చేతుల మీదుగా రావడం మొదలైంది. ఆజంజాహి మిల్లు సైరను మోతకు పొద్దు లెక్కపెట్టుకొన్న ఊరివాణ్ణి కాబట్టి, దూది ఎక్కడిది, నూలు ఎవరిది, కూలి ఎంత అనే ప్రశ్నలు నాకు ఎవరూ నేర్పనక్కరలేదు. 1934లో నిజాం కాలాన మొదలై వేలమందికి అన్నం పెట్టి, చివరికి మూతపడ్డ ఆ మిల్లు గోడ పక్కనుంచే నేను బడికి వెళ్లాను.

కాలేజీ పేరు కథ కొద్దిమాటల్లో చెప్పి ముందుకు పోతాను. 1804లో నికొలస్ కొడుకు, చిన్న నికొలస్, 5,000 డాలర్లు ఇచ్చినందుకు దానికి బ్రౌన్ పేరు పెట్టారు. 2003లో ఆ విశ్వవిద్యాలయపు అధ్యక్షురాలు రూత్ సిమన్స్, తమ సంస్థకు బానిసత్వంతో ఉన్న సంబంధం తేల్చడానికి ఒక సంఘాన్ని నియమించింది. ఆమె కూడా బానిసల సంతతిలోని నల్లజాతి మహిళే. 2006లో వచ్చిన నివేదిక, శాలీ కథతోపాటు, జాన్ పునాదిరాయి వేసిన ఆ మొదటి భవనపు కూలి లెక్కలను కూడా బయటపెట్టింది. రాళ్లు మోసినవారిలో కొందరు బానిసలు. లెక్కలో వారి వివరం 'మేరీ యంగ్ గారి నీగ్రో మనిషి' అన్నట్టుగా ఉంది. కూలి జమ అయినది యజమాని పేరున.

ఆ మాట దగ్గర నాకు మా తాతగారి చిట్టా గుర్తుకొచ్చింది.

మా తాతగారికి వరంగల్ బీట్ బజార్‌లో అడ్తి, అంటే కమీషన్, దుకాణం ఉండేది. పల్లెల నుంచి బండ్ల మీద వచ్చిన మిర్చిని, పల్లికాయను, నువ్వులను దడ్వాయి తూచితే, పాట ముగిసిన తర్వాత రైతుకు డబ్బు కట్టి తన అడ్తి తాను పట్టుకోవడం ఆ దుకాణం పని. మార్కెట్టు ఎనుమాములకు తరలిపోకముందటి రోజులవి. 1950లలో ఆయన ఒక దఫా మున్సిపల్ కౌన్సిలరుగా పనిచేశారు. ఎండాకాలంలో చలివేంద్రం పెట్టించేవారు, సత్రంలో ఒక గది కట్టించారు, ఆ గది గోడ మీద రాతిపలక ఇప్పటికీ ఉంది. మాకు చిన్నప్పటి నుంచి తెలిసిన వంశచరిత్ర ఈ రాతిపలకే. దానికి ముందు కావాలంటే మా ఇండ్లకు హక్కుగా వచ్చి సంభావన తీసుకొనే వీరముష్టివారి నోట గోత్రాల పొగడ్త వినాలి. అమెరికాలో చర్చి నమోదు పుస్తకం, వీలునామా, సమాధి రాయి చేసే పనిని మన దగ్గర ప్రతి కులానికీ ఉన్న ఆశ్రితుల నాలుక చేసింది. పద్మశాలీలకు కూనపులివారు పటం విప్పి మార్కండేయుని కథ చెప్పారు, మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెప్పారు. ఎవరి కథ వారికి ఉంది. షావుకారికి మాత్రం కథతోపాటు చిట్టా కూడా ఉంది, చిక్కంతా అక్కడే.

తాతగారి పుస్తకాలు పదకొండు మిగిలాయి. ఎర్రగుడ్డ అట్ట, పొడుగాటి కాగితాలు, మొదటి పుట మీద పసుపు బొట్టు, 'శ్రీ', దాని కింద దీపావళి నాటి లక్ష్మీపూజ తేదీ. రాత అంతా గొలుసుకట్టు. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడివేసి రాసే ఆ పద్ధతిని చదవడం నాకే మొదట నెలరోజులు పట్టింది. తేదీలు నిజాం సర్కారు వాడిన ఫసలీ సంవత్సరాల్లో, నెలల పేర్లు ఆజూర్, దై, బహమన్ అని ఉర్దూ సర్కారు వాడుకలో, సొమ్ము నిజాం నాణెమైన హాలీ రూపాయల్లో ఉంటుంది. బయటి రాష్ట్రాల బేరమైతే ఆంగ్లేయుల రూపాయిని కల్దారు అని విడిగా రాసి, ఆరు కల్దారుకు ఏడు హాలీ చొప్పున మార్చి పక్కన వేశారు. వడ్డీ లెక్కల్లో ఎక్కడా ఒక్క దమ్మిడీ తేడా లేదు. ధాన్యం నాగుకు, అంటే ధాన్యపు వడ్డీకి, ఇచ్చిన పుటలు వేరుగా ఉన్నాయి. విత్తనాలప్పుడు ఒక పుట్టి ఇస్తే పంట మీద పుట్టిన్నర వసూలు. ఊరంతా అట్లనే చేసింది గదా అని మా తమ్ముడు అంటాడు, అది నిజమే.

1348 ఫసలీ, అంటే 1938-39 నాటి పుస్తకంలో, పర్కాల దిక్కున మాకున్న పొలం ఖాతా కింద ఒక వరుస ఉంది. ఫలానా వాని పాత బాకీ అరవై రూపాయల కింద అతని కొడుకు మూడేండ్ల జీతానికి కుదిరినట్టు, ఏటికి ఇంత ధాన్యం, ఒక గొంగడి, ఒక జత చెప్పులు ఇవ్వవలసినట్టు రాసి ఉంది. ఆ మూడేండ్లు గడిచిన తర్వాతి పుస్తకంలో బాకీ తగ్గకపోగా డెబ్భై మూడు రూపాయలైంది. గొంగడి, పండుగ ఖర్చు, వాడు జబ్బుపడి పనికిరాని పన్నెండు రోజులు అందులో చేరాయి. అప్పు కింద మనిషిని జీతానికి కట్టివేసే ఇటువంటి భగేలా ఒప్పందాలను నిజాం ప్రభుత్వం అదుపు చేస్తూ 1345 ఫసలీలోనే, అంటే 1936లోనే నిబంధనలు తెచ్చింది. అంటే తాతగారి వరుస ఆ నిబంధనల తర్వాతిది. జాన్ బ్రౌన్ ఓడ 1794 చట్టం తర్వాతిది.

ఈ రెండింటినీ ఒకే తూకంలో వేస్తున్నానని పాఠకులు అనుకోవద్దని మనవి. సముద్రం దాటించి అమ్మడం వేరు, అప్పు కింద కట్టివేయడం వేరు. ఇక్కడి జీతగాడు సాయంకాలం తన తల్లి దగ్గరికి వెళ్లి పడుకొన్నాడు, శాలీలోని పిల్లలకు ఆ భాగ్యం లేదు. నేను పోల్చుతున్నది రాతలను మాత్రమే. అక్కడ మనిషికి బదులు ఒక వరుస సంఖ్య, లేదా యజమాని పేరు. ఇక్కడ పేరు ఉంది, కానీ దాని చివర 'గాడు' చేర్చి ఉంది, తండ్రి పేరుకూ అదే తోక. అదే పుటలో దుకాణానికి అప్పుపడిన పటేలు పేరు చివర 'గారు' ఉంది. అయిదు కల్దారు బాకీ ఉన్న మరో షావుకారుకు 'శ్రీయుత' కూడా ఉంది. గొలుసుకట్టులో కలం ఎత్తకుండా రాసినా ఎవరికి ఏది చేర్చాలో తాతగారి చేయి ఎక్కడా పొరపాటు పడలేదు.

హైదరాబాదులో ఉండే మా చిన్నాన్న కొడుకు (మా అత్తయ్య లెక్కన నాకు సాక్షాత్తూ తమ్ముడే) తాతగారి పేరిట వంశవృక్షం పుస్తకం అచ్చు వేయిస్తున్నాడు. ఏడు తరాల కొమ్మలు, రంగుల ఫొటోలు, సత్రపు రాతిపలక అట్ట మీద. చిట్టా చదవగలవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి వ్యాపార విశేషాల వ్యాసం నాకప్పగించాడు. నేను జీతం వరుసను కూడా కలిపి రాసి పంపాను. ఫోను వెంటనే మోగింది. నలుగురు చూసే పుస్తకంలో ఇదెందుకన్నాడు. పోయినవారి మీద మన్ను పోయడమెందుకన్నాడు, ఆయన చలివేంద్రం నీళ్లు తాగినవాళ్లు ఇప్పటికీ ఉన్నారన్నాడు. నీళ్ల సంగతి కూడా అదే వ్యాసంలో రాశాను, ఏ ఏడు ఎన్ని కుండలు కొన్నారో లెక్కతో సహా ఉందన్నాను. జాన్ బ్రౌన్ కాలేజీకి కోశాధికారిగా ఉన్నమాట నివేదిక రాసినవారు దాచలేదు, శాలీలో అతని వాటానూ దాచలేదు అని చెబితే, మనమేమైనా అమెరికావాళ్లమా అన్నాడు. ఆ వాదన ఇంకా తెగలేదు. తాతగారు చెడ్డవారని నేను అనడం లేదు. నన్ను భుజం మీద ఎక్కించుకొని భద్రకాళి చెరువుగట్టు దాకా తిప్పిన మనిషి ఆయన. ఆ భుజమూ, గొలుసుకట్టు రాసిన చేయీ ఒకే మనిషివన్న సంగతి నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు, అది మరొక విషయం.

పోయిన మాఘమాసంలో నేను ఒక్కణ్ణే ఆ ఊరికి వెళ్లాను. పొలం ఎప్పుడో అమ్ముడుపోయింది, దారి కూడా మారింది. చిట్టాలోని పేరు పట్టుకొని వెతికితే ఆ మనిషి మనవడు దొరికాడు. బడిపంతులుగా చేస్తున్నాడు, నాకన్నా చిన్నవాడు. వచ్చిన పని ఏమిటో చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. అతడు కుర్చీ వేసి, చాయ తెప్పించి, నేను ఫోనులో చూపిన పుట ఫొటోను పెద్దది చేసుకొని చూశాడు. గొలుసుకట్టు అతనికి రాదు గనుక నేను చదివి వినిపించాను. 'గాడు' దగ్గర ఒక్క క్షణం ఆగి, ఉన్నది ఉన్నట్టే చదివాను.

గొంగడి మాట వినగానే అతడు నవ్వాడు. ఆ గొంగడి సంగతి వాళ్లింట్లో ఇప్పటికీ చెప్పుకొంటారట. ఇచ్చింది పాతదట, ఖాతాలో రాసింది మాత్రం కొత్తదాని ధర అట. నేను పుటలో చూశాను, కొత్తదాని ధరే ఉంది. బాకీ ఎప్పుడు తీరిందని అడిగితే, తీరలేదని, పోలీసు చర్య తర్వాత తాత మళ్లీ ఆ దిక్కు పోలేదని చెప్పాడు. మా పుస్తకాల్లోనూ ఆ ఖాతా 1358 ఫసలీ దగ్గర మొత్తం తేల్చకుండానే ఆగిపోయింది. మా చిట్టాలో నేను చూసిన ఒకే ఒక్క ముగియని ఖాతా అది.

వారి వంశం గురించి అడిగాను. తండ్రి, తాత, ముత్తాత అంటూ ఆరు తరాలు ఆగకుండా చెప్పాడు. డక్కలివారు వచ్చి చెప్పేవారని, తండ్రి వాటిని నోటుబుక్కులో రాసిపెట్టాడని అన్నాడు. మా ఏడు తరాల కొమ్మల్లో ముగ్గురి పేర్లు ఇప్పటికీ ఖాళీగా ఉన్నాయి. అతడు లోపలికి వెళ్లి ఆ నోటుబుక్కు తెచ్చాడు. తాత పేరు చివర 'అయ్య' అని ఉంది. నేను నా కాగితం మీద ఆ పేరును అతడు చెప్పినట్టు రాసుకొని, అక్షరం సరిగా ఉందా అని చూపించాను. వత్తు ఒకటి తప్పిందని చెప్పి, నా కలం తీసుకొని తానే దిద్దాడు.